హోమ్ లోన్ ఏజెంట్లు వెంటపడుతున్నారా? ఫీజు అడుగుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బ్యాంకు ఉద్యోగిని కాను. 2019లో నిజాంపేటలో ఫ్లాట్ కొన్నప్పుడు ఒక ఏజెంటు దగ్గర కొంచెం చేయి కాల్చుకున్నాను. తర్వాత తెనాలిలో మా బావ ఇంటి లోను కోసం ఇంకో ఏజెంటుకు నేనే దగ్గరుండి డబ్బు ఇప్పించాను. అప్పట్నుంచి మా అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో, చుట్టాల్లో ఎవరు ఇల్లు కొన్నా ఫోన్ నాకే వస్తోంది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి రాసి పెడుతున్నాను.

డీఎస్ఏ, కనెక్టర్, లోన్ కన్సల్టెంట్... వీళ్లంతా ఒకటేనా?

కాదు. డీఎస్ఏ అంటే బ్యాంకుతో ఒప్పందం ఉన్న ఏజెంటు. అతనికి ఆ బ్యాంకులో ఒక కోడ్ ఉంటుంది, మీ ఫైలు ఆ కోడ్ మీద లాగిన్ అవుతుంది, అంటే దరఖాస్తుగా నమోదవుతుంది. కనెక్టర్‌కు కోడ్ ఉండదు. మీ పేరు, నంబరు డీఎస్ఏకు అందించి, వచ్చిన కమీషన్‌లో వాటా తీసుకుంటాడు. కన్సల్టెంట్ అన్నది ఎవరైనా విజిటింగ్ కార్డు మీద వేయించుకోగల మాట.

అందుకే మొదటి ఫోన్‌లోనే "మీకు ఏ బ్యాంకు కోడ్ ఉంది?" అని అడగండి. కోడ్ ఉన్నవాడు వెంటనే చెప్తాడు. లేనివాడు "అన్ని బ్యాంకులూ చేస్తాం సార్" అంటాడు. చెప్పిన బ్యాంకు బ్రాంచికి ఫోన్ చేస్తే అతను నిజంగా వాళ్ల ఏజెంటో కాదో చెప్తారు.

అతనికి డబ్బు ఎవరు ఇస్తారు?

బ్యాంకు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. లోను డిస్బర్స్ అయ్యాక, అంటే చెక్కు ఇల్లు అమ్మినవాళ్ల చేతికి వెళ్లాక, లోను మొత్తం మీద కొంత శాతం కమీషన్ డీఎస్ఏకు వస్తుంది. వాళ్ల భాషలో దాన్ని పేఅవుట్ అంటారు. బ్యాంకును బట్టి, నెలలో ఎన్ని ఫైళ్లు తెచ్చాడన్నదాన్ని బట్టి అది మారుతుంది. నెలాఖరులో ఫోన్లు ఎక్కువయ్యేది టార్గెట్ కోసమే, మీ మీద ప్రేమతో కాదు.

మీ దగ్గర తీసుకునే ఫీజు దీనికి అదనం. "నాకు బ్యాంకు ఏమీ ఇవ్వదు సార్" అని డీఎస్ఏ అంటే నమ్మకండి. కనెక్టర్ అంటే మాత్రం కొంచెం నిజం ఉండొచ్చు, అతని వాటా చిన్నది.

కమీషన్ తీసుకోవడం తప్పేమీ కాదు. చూసుకోవాల్సింది ఏమిటంటే, ఏ బ్యాంకు మీకు మేలో అతను చెప్తున్నాడా, ఏ బ్యాంకు పేఅవుట్ ఎక్కువో దాన్ని చెప్తున్నాడా అన్నది. ఒకే బ్యాంకు పేరు పట్టుకుని వేలాడుతుంటే నాకు అనుమానం వస్తుంది.

నా నంబరు వీళ్లకు ఎలా దొరికింది?

చాలాసార్లు మనమే ఇచ్చి ఉంటాం. సైట్ విజిట్‌కు వెళ్లి రిజిస్టర్‌లో రాస్తాం. "మీకు ఎంత లోను వస్తుందో చూసుకోండి" అనే వెబ్‌సైట్లో నంబరు కొట్టి, కింద ఉన్న చిన్న డబ్బాలో టిక్ పెడతాం. ప్రాపర్టీ ఎక్స్‌పోలో లక్కీ డ్రా చీటీ నింపుతాం. ఆ టిక్ అంటే ఫోన్ చేసుకోవచ్చని మీరిచ్చిన అనుమతి.

ఈ ఫోన్లు ఆపడం ఎలా?

1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టించుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో కూడా చేయవచ్చు. ప్రచారం కోసం చేసే ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పది అంకెల మొబైల్ నుంచి అమ్మకం ఫోన్ వస్తే అదే ఫిర్యాదుకు కారణం. కాల్ వచ్చిన 7 రోజుల్లోపు 1909లో ఫిర్యాదు చేయాలి.

ఇంకో సంగతి. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ డీఎస్ఏల కోసం రాసిన ప్రవర్తనా నియమావళి ప్రకారం మామూలుగా ఉదయం 9.30 నుంచి సాయంత్రం 7 లోపే ఫోన్ చేయాలి. రాత్రి తొమ్మిదింటికి కంచం ముందు కూర్చున్నాక మోగితే, "మీ బ్యాంకు ఏది, మీ డీఎస్ఏ కోడ్ ఎంత, టైము రాసుకుంటున్నాను" అని నెమ్మదిగా అడుగుతాను. తిట్టాల్సిన పని లేదు, అవతలివాళ్లే పెట్టేస్తారు.

"ఈ రేటు ఈ రోజు వరకే సార్" అంటున్నాడు. తొందరపడాలా?

అక్కర్లేదు. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం లోను ఇచ్చే సంస్థ మీకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే కేఎఫ్ఎస్ ఇవ్వాలి. అది ఇచ్చాక ఒప్పుకోవాలో వద్దో చూసుకోవడానికి కనీసం 3 పనిదినాలు మీకు టైము ఉంటుంది, ఆ లోపు మీరు ఒప్పుకుంటే ఆ షరతులకే సంస్థ కట్టుబడాలి. ఈ రోజే సంతకం పెట్టాలని ఎవరైనా అంటే, ముందు కేఎఫ్ఎస్ పంపమనండి.

పైగా బ్యాంకుల ఫ్లోటింగ్ (రేటు మారే) హోమ్ లోన్లు 2019 అక్టోబరు నుంచి రెపో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి బెంచ్‌మార్క్‌కు కట్టి ఉంటున్నాయి. రెపో మారితే మీ రేటూ మారుతుంది. ఈ రోజు సంతకం పెట్టినంత మాత్రాన ఈ రోజు రేటు ఇరవై ఏళ్లు ఆగదు.

లాగిన్ ఫీజు ముందు కట్టమంటున్నాడు. కట్టాలా?

నా చేయి కాలింది ఇక్కడే. ఆదివారం పూట ఏజెంటు ఇంటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో పది మంది ఆధార్ జిరాక్సులు. (ఎవరివో కాగితాలు నాకు కనపడుతున్నాయంటే రేపు నావీ ఇంకొకరికి కనపడతాయని అప్పుడు తట్టలేదు.) ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో లాగిన్‌కు 5,900 రూపాయలు అన్నాడు. 5,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. శాంక్షన్ గ్యారంటీ, కాకపోతే వాపస్ అన్నాడు. కట్టాను. పదిహేను రోజుల తర్వాత లీగల్‌లో, అంటే దస్తావేజుల పరిశీలనలో, ఫైలు ఆగిపోయింది. లింక్ డాక్యుమెంటు, అంటే ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజు, ఒకటి తక్కువైందట. డబ్బు అడిగితే రసీదు వెనక చూడమన్నాడు. తిరిగి ఇవ్వబడదు అని ఉంది. నేను చదవలేదు.

ఇప్పుడు ఎవరు అడిగినా మూడు సంగతులు చెప్తున్నాను. డబ్బు కట్టేముందు సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) జిరాక్సులు ఇచ్చి, ఇవి మీ లీగల్‌కు సరిపోతాయా అని అడగండి. కట్టేదేదైనా బ్యాంకు పేరు మీదే, బ్యాంకు రసీదుతోనే కట్టండి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు లాగిన్ ఫీజు అంటే అది లాగిన్ ఫీజు కాదు. లోను ఇంకా రాకుండా "జీఎస్టీ కట్టండి, ఇన్సూరెన్స్ కట్టండి, తర్వాత రిలీజ్ అవుతుంది" అని వరసగా అడుగుతుంటే అది మోసం. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఏజెంటుకు ఫీజు ఇవ్వడం ఎప్పుడు దండగ?

మీది జీతం ఉద్యోగం, సిబిల్ స్కోరు (అప్పులు కట్టిన తీరుకు వచ్చే మార్కులు) 750 పైన, కొనేది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరున్న ప్రాజెక్టులో ఫ్లాట్, ఆ ప్రాజెక్టును బ్యాంకు ముందే అప్రూవ్ చేసి ఉంది. ఇలాంటి ఫైలుకు మీ చేతి నుంచి ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదని నా అభిప్రాయం. ప్రాజెక్టు లీగల్ పని బ్యాంకు ముందే చేసేసింది. మీరు ఇవ్వాల్సింది పేస్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు, అగ్రిమెంటు. ఇవి జిరాక్సు తీసి ఇవ్వడానికి యాభై వేలు అడిగేవాళ్లున్నారు.

మరి ఎప్పుడు ఇవ్వొచ్చు?

మా బావ సంగతి చెప్తాను. ఆయనకు తెనాలిలో కిరాణా కొట్టు. ఐటీ రిటర్నుల్లో ఆదాయం తక్కువ చూపించారు. ఇల్లు పంచాయతీ ప్లానుతో కట్టింది, ఊరి చివర. రెండు బ్యాంకులు వద్దన్నాయి.

మూడో ప్రయత్నంలో కలిసిన ఏజెంటు ఫైలు తీసుకోకుండా ముందు దస్తావేజులు తెమ్మన్నాడు. మా ముందే చాప మీద పరిచి, పాత దస్తావేజు, కొత్త దస్తావేజు పక్కపక్కన పెట్టి హద్దులు చదివాడు. ఒకదానిలో పడమర రోడ్డు అని ఉంది, ఇంకోదానిలో పడమర పక్కవాళ్ల స్థలం అని ఉంది. "మీ లోను ఇక్కడ ఆగింది అండీ, ఇన్‌కమ్ దగ్గర కాదు" అన్నాడు. రెండు బ్యాంకుల్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. సవరణ దస్తావేజు చేయించాలంటే అమ్మిన పెద్దాయన వచ్చి సంతకం పెట్టాలి, ఆయన బెంగళూరులో కొడుకు దగ్గర ఉన్నాడు. ఆ పెద్దాయనతో మాట్లాడి, రైలు టికెట్ తీయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని చేయించింది ఈ ఏజెంటే. ఆదాయానికి జీఎస్టీ రిటర్నులు, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంటు చూసే బ్యాంకులో పెట్టాడు. 22 లక్షలు వచ్చాయి. ఒక శాతం అంటే 22 వేలు అడిగాడు, చెక్కు వచ్చాక 15 వేలకు ఒప్పుకున్నాడు. ఇచ్చినందుకు బావ ఇప్పటికీ బాధపడలేదు.

ఫీజు ఇవ్వాల్సింది లోను ఇప్పించినందుకు కాదు, ఫైల్లో ఉన్న చిక్కు విప్పినందుకు. వ్యాపారం చేసేవాళ్లు, విదేశాల్లో ఉండి పవర్ ఆఫ్ అటార్నీ మీద కొనేవాళ్లు, పాత ఇళ్లు, వారసత్వపు ఆస్తులు, గిఫ్ట్ డీడ్‌లు ఉన్నవాళ్లకు అలాంటి మనిషి దొరికితే మంచిదే.

ఎంత ఇవ్వాలి? శాతమా, ఒక మొత్తమా?

ఒక మొత్తం. 30 లక్షల ఫైలుకైనా 80 లక్షల ఫైలుకైనా అతను తిరిగే బ్రాంచి అదే, తీసే జిరాక్సులు అవే. శాతం లెక్క అతనికి బాగుంటుంది, మనకు కాదు. చేసే పనులు, ఇచ్చే మొత్తం, ఎప్పుడు ఇచ్చేది వాట్సాప్‌లో రాయించుకోండి. డిస్బర్స్‌మెంట్ అయ్యాకే చెల్లించండి. స్టాంపులు, మీసేవ ఫీజుల వంటి చేతి ఖర్చులు మాత్రం ఎప్పటికప్పుడు రసీదు చూసి ఇచ్చేయండి, వాటికోసం అతన్ని తిప్పుకోవడం అన్యాయం.

"నా ద్వారా వస్తే రేటు తగ్గిస్తా" అంటున్నాడు. అది లాభం కాదా?

లెక్క వేయండి. 50 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం అనుకుందాం. ఈఎంఐ 43,391. రేటు 0.10 శాతం తగ్గి 8.4 అయితే 43,075. నెలకు మిగిలేది 316 రూపాయలు. దానికి అతను ఒక శాతం, అంటే 50 వేలు అడిగితే, ఆ 50 వేలు తిరిగి రావడానికి 13 ఏళ్లు పడుతుంది. ఈలోపు మీరు లోను తీర్చేసినా, వేరే బ్యాంకుకు మారినా నష్టమే.

అదే పావు శాతం తేడా అయితే సంగతి వేరు. 8.75కు ఈఎంఐ 44,186, నెలకు 795 తేడా, 20 ఏళ్లకు 1.9 లక్షలు. కానీ ఆ తగ్గింపు నిజంగా అతని వల్లే వచ్చిందా? మీ స్కోరు, జీతం చూసి బ్యాంకు ఎవరికైనా ఇచ్చే రేటే తన ఘనతగా చెప్పుకోవడం మామూలు. మీరే బ్రాంచికి వెళ్లి రేటు అడిగి, ఆ తర్వాత అతని రేటు వినండి. దసరా, దీపావళికి ప్రాసెసింగ్ ఫీజు మాఫీ ఆఫర్లు బ్యాంకులే ఇస్తుంటాయి, వాటినీ తన ఖాతాలో వేసుకునేవాళ్లను చూశాను.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల్లో ఒక తిరకాసు ఉంది. బ్యాంకుల్లాగా బయటి బెంచ్‌మార్క్‌కు కట్టాలన్న నిబంధన వాటికి లేదు, సొంత రేటు పెట్టుకుంటాయి. మొదట్లో తక్కువ చూపించి, రెపో తగ్గినా మీకు తగ్గకుండా పోయే అవకాశం అక్కడ ఎక్కువ.

కేఎఫ్ఎస్‌లో ఏం చూడాలి?

ఏపీఆర్. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు మీ దగ్గర వసూలు చేసే ఇన్సూరెన్స్, లీగల్ చార్జీలు అన్నీ కలిపి ఏడాదికి మీకు పడే అసలు ఖర్చు అది. 8.5 అని చెప్పిన లోనుకు ఏపీఆర్ 9 దాటితే మధ్యలో ఏదో దూరిందని అర్థం. కేఎఫ్ఎస్‌లో లేని చార్జీని మీ ఒప్పుదల లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది కూడా నిబంధనే, తెలుగులో అడగడానికి సంకోచించకండి. ఏజెంటుకు విడిగా ఇచ్చే ఫీజు మాత్రం ఇందులో కనపడదు, దాన్ని మీరే కలుపుకోవాలి.

ఇన్సూరెన్స్ తీసుకోకపోతే లోను రాదంటున్నాడు?

తప్పనిసరి కాదు. ఏజెంటు, బ్యాంకు సిబ్బంది ఇద్దరూ ఇక్కడ కలిసిపోతారు, ఎందుకంటే అందులోనూ కమీషన్ ఉంది. ఒకేసారి కట్టే ప్రీమియం 2 లక్షలు అంటారు, "లోనులో కలిపేస్తాం, మీకు తెలియదు కూడా" అంటారు. 8.5 శాతంతో 20 ఏళ్లలో ఆ 2 లక్షలకు మీరు కట్టేది 4.16 లక్షలు. ఇల్లు నడిపేవాళ్లకు బీమా ఉండాల్సిందే, అందులో అనుమానం లేదు. విడిగా టర్మ్ పాలసీ తీసుకుంటే చవకగా వస్తుంది, లోను మార్చినా మీతోనే ఉంటుంది. ఇప్పటికే సంతకం పెట్టేశారా? పాలసీ చేతికి వచ్చిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇవ్వొచ్చు.

ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో ఫైలు పెడతానంటున్నాడు. మంచిదేనా?

వద్దు. ప్రతి బ్యాంకూ మీ క్రెడిట్ రిపోర్టు తీస్తుంది, అవన్నీ రికార్డవుతాయి, స్కోరు కొంచెం కొంచెం దిగుతుంది. ఐదో బ్యాంకు చూసి "ఇతనికి ఎవరూ ఇవ్వలేదా?" అనుకుంటుంది. మీ రిపోర్టు ఎవరైనా తీస్తే మీకు మెసేజో మెయిలో వస్తుంది, చెరిపేయకుండా చదవండి. ఏడాదికి ఒకసారి సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ నాలుగూ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. ముందు అది మీరే తీసుకుని చేతిలో పెట్టుకోండి.

95 శాతం లోను ఇప్పిస్తానంటున్నాడు, సాధ్యమేనా?

రిజర్వ్ బ్యాంకు పరిమితి ప్రకారం 30 లక్షల వరకు లోనుకు ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, ఆపైన 75 శాతం. దీనికి మించి ఇప్పిస్తానంటే అగ్రిమెంటులో ధర పెంచి రాయిస్తాడు, లేదా పక్కన పర్సనల్ లోను తగిలిస్తాడు. పేస్లిప్పు "కొంచెం సరిచేస్తాం" అనేవాళ్లూ ఉన్నారు. సంతకం మీది, కేసైతే పోలీసులు వచ్చేది మీ ఇంటికి. అతని కోడ్ రద్దయితే ఇంకో పేరుతో ఇంకో కోడ్ తెచ్చుకుంటాడు.

బిల్డర్ ఆఫీసులో కూర్చున్న అబ్బాయి ద్వారానే లోను తీసుకోవాలట?

అలా నిర్బంధించే హక్కు బిల్డర్‌కు లేదు. అతని ద్వారా అయితే పని త్వరగా అవుతుంది, అది నిజమే, కాగితాలన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి. ఫీజు అడగకపోతే, రేటు మీరు కనుక్కున్నదానికి సమానమైతే కానివ్వండి.

ఈఎంఐలు కడుతున్నాను. బీటీ చేసుకోమని ఫోన్లు వస్తున్నాయి.

బీటీ అంటే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, లోను వేరే బ్యాంకుకు మార్చుకోవడం. దానికి పాత బ్యాంకు చార్జీ వేయకూడదు, ఫ్లోటింగ్ రేటు హోమ్ లోనును వ్యక్తులు ముందే తీర్చినా పెనాల్టీ ఉండకూడదు. కానీ కొత్త బ్యాంకులో ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఎంఓడీ (దస్తావేజుల తాకట్టు నమోదు) ఖర్చు మళ్లీ మొదటినుంచి. ముందు మీ బ్యాంకుకే ఉత్తరం రాసి, కొత్తవాళ్లకు ఇచ్చే రేటు నాకూ ఇవ్వండి, కన్వర్షన్ ఫీజు (రేటు మార్చినందుకు తీసుకునేది) ఎంత అని అడగండి. మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురికి అలా కొన్ని వేలతో పని అయిపోయింది. బీటీ ఏజెంటు ఈ దారి చెప్పడు, ఇందులో అతనికి పేఅవుట్ లేదు.

మా తమ్ముడు అమెరికాలో ఇల్లు కొంటున్నాడు. అక్కడా ఇంతేనా?

అక్కడ బ్రోకర్‌కు లోను ఇచ్చేవాళ్లయినా డబ్బు ఇవ్వాలి, కొనేవాళ్లయినా ఇవ్వాలి. ఒకే లోనుకు ఇద్దరి దగ్గరా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. అప్లై చేసిన 3 పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ అనే మూడు పేజీల కాగితం వస్తుంది. రెండు మూడు చోట్ల నుంచి తెప్పించుకుని రెండో పేజీ పక్కపక్కన పెట్టి చూడమనండి. మన తెలుగువాడే కదా అని గుడిలో పరిచయమైన బ్రోకర్ మీద వదిలేయొద్దని కూడా చెప్పండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా. డీఎస్ఏ చేసిన పనికి అతన్ని పెట్టుకున్న బ్యాంకుదే బాధ్యత. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) ఆన్‌లైన్‌లో పంపొచ్చు, వివరాలకు 14448. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్లాలి. కాల్ రికార్డులు, వాట్సాప్ మెసేజులు చెరిపేయకండి.

ఏజెంటు మా చిన్నమ్మ గారి అబ్బాయి. కాదంటే మొహమాటం.

నాకూ ఇదే వచ్చింది. ఫోన్‌లో మాట్లాడితే మెత్తబడతానని తెలుసు, అందుకే మెసేజ్ పెట్టాను: "తమ్ముడూ, నా సాలరీ అకౌంట్ ఉన్న బ్యాంకులోనే నేరుగా అప్లై చేశాను. పెళ్లికి కలుద్దాం. పిన్నిని అడిగానని చెప్పు." జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. పెళ్లిలో భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుని, గారె తుంచుకుంటూ, "అన్నయ్యా, ఏడాది తర్వాత బీటీ చేద్దాంలే" అన్నాడు.